తడిగుడ్డ చాలదు

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, నచ్చనివాళ్లు పక్కనున్న కవిత చదువుకోవచ్చు. ఎలాగోలా నడిపించేయడాన్ని మనం రిపేరు అంటున్నాం. అది రిపేరు కాదు. పైగా అసలు రిపేరుని జరగనివ్వకుండా అడ్డుపడేది కూడా అదే.

మా ఇంట్లో 1967 ఫియట్ డిలైట్ ఒకటుంది. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసిన బండి. తర్వాత పద్మిని అనే పేరుతో బొంబాయి టాక్సీగా సినిమాల్లో కనబడుతుందే, దానికి ఇది అక్క వరస. తాతయ్య దాన్ని ఆదివారం ఆదివారం పెరంబూరు నుంచి బయటికి తీస్తాడు. పోయిన ఏడాది ఏప్రిల్లో మౌంట్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. వెనకాల హారన్లు, ముందు ఎండ. తాతయ్య కంగారుపడలేదు. డిక్కీలోంచి పాతగుడ్డ తీసి, మంచినీళ్లలో తడిపి, పెట్రోల్ పంపు మీద చుట్టాడు. పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే బండి కదిలింది. "వేపర్ లాక్ అమ్మా, ఫియట్‌కి మామూలే" అన్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఈ బళ్లలో పెట్రోల్ పంపు ఇంజనుకే అంటుకుని ఉంటుంది. మన మెడ్రాసు ఎండకి ఇంజను వేడి తోడైతే పెట్రోలు అక్కడే ఆవిరైపోతుంది. ఆవిరిని ఆ పంపు లాగలేదు. గుడ్డ చల్లబరిస్తే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. ఈ చిట్కా తెలియని పాత ఫియట్ డ్రైవరు మన ఊళ్లో ఉండడు.

ఇబ్బంది ఏమిటంటే ఆ గుడ్డ ప్రతిసారీ పనిచేసింది. మే, జూన్, జులై, వాన పడిన ఆదివారం కూడా! చల్లటి రోజు వేపర్ లాక్ ఏమిటని ఎవరూ అడగలేదు, నాతో సహా. బండి నడుస్తోంది కదా.

ఆగస్టులో ఒకరోజు తాతయ్య ఆయిల్ చూస్తూ సంబరపడ్డాడు. "చూశావా, ఆరు నెలలైనా చుక్క తగ్గలేదు, ఇంకా పెరిగింది!" కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయనకి గీత సరిగ్గా కనబడదు, అందుకని డిప్‌స్టిక్ నా చేతికిచ్చాడు. నిజంగానే పై గీత దాటి ఉంది. వంటింట్లో నూనె డబ్బా కూడా దానంతటది నిండదు కదా, ఇదెలా నిండింది? వాసన చూశాను. పెట్రోలు.

బాబాయికి చెబితే నవ్వాడు. "పెట్రోల్ కారులో పెట్రోల్ వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా?" ఆ మాటకి ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ రోజంతా మాట్లాడలేదు. ఇదే వాసన ఇంట్లో ఏ మగపిల్లాడో పట్టుంటే అందరూ ఒకసారి వంగి చూసేవాళ్లని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ముందు వెళ్లిన పెద్ద గ్యారేజీ వాళ్లు బానెట్ ఎత్తి, "ఇంత పాత బండికి పార్టులు దొరకవు, ఎలక్ట్రిక్ పంపు పెట్టుకోండి, లేదంటే అమ్మేయండి" అన్నారు. పంపు విప్పి చూసి అన్న మాట కాదది. రెండోసారి తాతయ్యకి తెలిసిన ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. ఆయన కూడా డిప్‌స్టిక్ తీసి వాసన చూశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ పంపులో ఏముందో చెప్పాలి, ఎందుకంటే నేను రెండు నెలలుగా దాని గురించే మాట్లాడి మన క్లాసులో అందరినీ విసిగించాను. లోపల రబ్బరు పూత పూసిన గుడ్డపొర ఒకటుంటుంది, పేరు డయాఫ్రం. మన ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రంని తెలుగులో విభాజక పటలం అంటారని మేడమ్ గారు చెప్పారు. ఇక్కడా దాదాపు అదే పని. ఇంజను తిరుగుతుంటే ఒక చెయ్యి ఆ పొరని కిందికి లాగుతుంది, అప్పుడు ట్యాంకులోంచి పెట్రోలు వస్తుంది. కింద ఉన్న స్ప్రింగు పైకి తోస్తుంది, అప్పుడు కార్బొరేటర్‌కి పోతుంది. పొర చిరిగితే రెండు నష్టాలు. పైకి పోవాల్సింది సరిగా పోదు, కనుక బండి ఆగుతుంది. పోనిది కిందికి కారి ఇంజను ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే బేరింగులు అరిగిపోతాయి, వేడి ఇంజన్లో పెట్రోలు ఆవిరి నిండితే నిప్పు భయం కూడా ఉంది. మేము నాలుగు నెలలు దాని మీద తడిగుడ్డ కప్పి ఊరంతా తిరిగాం.

మేస్త్రీ ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం ఊడదీసి, అందులో నా పెన్సిలు ముక్క దూర్చి మూసేశాడు. పంపుని ఇంజను నుంచి దింపాక, మరలు తీయకముందే పై భాగం నుంచి కింది భాగం దాకా ఆకురాయితో ఒక గీత గీశాడు. మళ్లీ బిగించేటప్పుడు గీతా గీతా కలవాలిట. పొర తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోమన్నాడు. నడుమ దగ్గర వెంట్రుకంత చీలిక. దానిలోంచి ఆకాశం కనబడింది.

చీలిక ఎందుకొచ్చింది అని అడిగాను. వయసు ఒక కారణం. ఇంకొకటి పెట్రోలు. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌కి తట్టుకోని పాతరకం రబ్బరు దాంట్లో ఉబ్బి, పాడైపోతుంది. అందుకే పుదుపేట వెళ్లినప్పుడు మేస్త్రీ మొదట చూపించిన కిట్టు తీసుకోలేదు. ఇథనాల్‌కి తట్టుకునే పొర ఉన్నదే కావాలని మూడు కొట్లు తిరిగాడు. దొరకదన్న పార్టు నాలుగో కొట్లో దొరికింది. ధర నా నెల బస్సు ఖర్చు కన్నా తక్కువ.

బిగించడం ఆయన నాచేత చేయించాడు. మరలన్నీ ముందు వదులుగా పెట్టి, పంపు చెయ్యిని పూర్తిగా నొక్కి పట్టుకుని, అప్పుడు ఎదురెదురుగా ఒక్కొక్కటీ బిగించాలి. లేకపోతే పొర బిగుసుకుపోయి త్వరలోనే మళ్లీ చిరుగుతుంది. "ఊరికే టార్చి పట్టుకుంటే పని రాదు పాపా" అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. ఆయిలూ ఫిల్టరూ కూడా అప్పుడే మార్చాం. పాత ఆయిల్ నీళ్లలా కారింది.

బాబాయి వాదన ఒకటి నేను కాదనలేను. ఈ బండి పొగ కొత్త కార్ల పొగలా ఉండదు, దీన్ని రోజూ తిప్పితే తప్పే. 50 ఏళ్లు దాటిన పాతకార్లని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవడానికి 2021లో కేంద్రం పెట్టిన నిబంధనల్లో కూడా వాటిని రోజువారీ పనులకి వాడకూడదనే ఉంది. ఆదివారం ఒక గంట అంటే నాకు అభ్యంతరం లేదు. బండి ఉంచుకోవాలా వద్దా అన్నది వేరే చర్చ, అందులో తాతయ్య కళ్లు కూడా లెక్కకి వస్తాయి. కానీ అరచేతిలో పట్టే గుడ్డపొర కోసం, పంపైనా విప్పకుండా, మొత్తం బండిని తూకానికి వేయమనడం చర్చ కాదు, బద్ధకం.

మన హాస్టల్లో కూడా తడిగుడ్డలు ఉన్నాయి. రెండో అంతస్తు మోటారు ఆగినప్పుడల్లా స్విచ్చి నాలుగుసార్లు వేసి తీస్తాం, నడుస్తుంది, వెళ్లిపోతాం. పోయిన వారం నేను దాని దగ్గర నిలబడి చూశాను. స్విచ్చి దగ్గర కాలిన వాసన వస్తోంది. వార్డెన్ గారికి రాసిచ్చాను. సంతకాలు కావాలి, కాగితం డిపార్ట్‌మెంట్ బల్ల మీద ఉంది.