శుభ్రం చేసే ముందు అడగాలి

ఈసారి కొత్త మాట ‘మడ అడవి’. ఇక్కడ మలేషియాలో మనం ‘బకావ్’ అంటాం కదా, అదే. ఆ మాటతో పాటు నా అభిప్రాయం ఒకటి చెప్తాను.

పెరాక్ తీరంలో, మాతాంగ్ మడ అడవుల్లో, కువాలా సెలిన్సింగ్ అనే చోటు ఉంది. వెయ్యేళ్ళకు ముందే అక్కడ మనుషులు ఉండేవాళ్ళు. చనిపోయినవాళ్ళను పడవలో పెట్టి పాతిపెట్టేవాళ్ళు. అక్కడ ఎన్నో పూసలు దొరికాయి. శ్రీ విష్ణువర్మ అనే పేరు చెక్కిన చిన్న ముద్ర కూడా దొరికింది. ఇలాంటి చోటును ‘పురావస్తు స్థలం’ అంటారు.

దాని ముందే మలక్కా జలసంధి. అది ఆయిల్ ట్యాంకర్లు తిరిగే దారి. 1997 అక్టోబరులో సింగపూర్ దగ్గర ఎవోయికోస్, ఒరాపిన్ గ్లోబల్ అనే రెండు ట్యాంకర్లు ఢీకొన్నాయి. సుమారు 28,500 టన్నుల ఆయిల్ సముద్రంలో పడింది. డిసెంబరుకి అందులో కొంత సెలంగోర్ తీరానికి చేరింది. సెలంగోర్ దాటితే పెరాకే.

మళ్ళీ అలా జరిగితే, గుళ్ళో సేవ చేసే నాలాంటివాళ్ళు బకెట్లు పట్టుకుని ముందే వెళ్తారు. అది మంచి మనసే. కానీ 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ నుంచి ఆయిల్ కారినప్పుడు ఒక సంగతి తెలిసింది. పాత స్థలాలకు ఆయిల్ కంటే శుభ్రం చేసే పనితోనే ఎక్కువ ప్రమాదం. వేల మంది ఒడ్డు మీద నడిచారు. వేడి నీళ్ళ పైపులతో కడిగారు. కొందరు పాత వస్తువులు తీసుకుపోయారు. అందుకే అక్కడ పనివాళ్ళ కంటే ముందు ఆర్కియాలజిస్టులు ఒడ్డును చూసేలా ఏర్పాటు చేశారు.

“చేపలు పట్టేవాళ్ళ బతుకు ముందు, పాత పెంకులు తర్వాత” అని కొందరు అంటారు. వాళ్ళ బతుకు ముందే, నిజమే. కానీ మడ అడవిలో బురద తొక్కితే ఆయిల్ ఇంకా లోపలికి పోతుంది. చెట్టుకీ నష్టం, చేపకీ నష్టం, కింద ఉన్న పాత వస్తువులకీ నష్టం. ఆయిల్ నీళ్ళ మీద ఉండగానే బూమ్ వేసి ఆపితే అన్నిటికీ మేలు.

నేను కోరేది రెండే. శుభ్రం చేసే ప్రతి జట్టుతో జబతన్ వారిసాన్ నెగారా మనిషి ఒకరు ఉండాలి. వాలంటీర్లకు ముందే మూడు మాటలు నేర్పాలి: తవ్వకండి, తీయకండి, చెప్పండి. పాత వస్తువు దొరికితే చెప్పాలని 2005 జాతీయ వారసత్వ చట్టంలోనే ఉంది.

అర్చకులను అడగకుండా మనం గర్భగుడిని తుడవం. తీరం దగ్గర కూడా అలాగే ఉండాలి.