దీవిలో ఉండి దీవికెందుకూ అంటే...

పిల్లలు తొమ్మిది, పది తరగతులకొచ్చాక మన ఇళ్ళల్లో ఏ సరదా కబురెత్తినా ఒకటే జవాబు. "ఇప్పుడు కాదు, పరీక్షలయ్యాక చూద్దాం." పదయ్యాక ఇంటర్ అంటాం. ఇంటరయ్యాక ఎంసెట్ అంటాం. ఆ తర్వాత ఇంజనీరింగ్, ఆ తర్వాత ఉద్యోగం, ఈలోగా ఎవరికో ఒకరికి వీసా. కలిసి వెళ్దామనుకున్న చోటికి చివరికి మొగుడూపెళ్ళాలిద్దరే మోకాళ్ళ నొప్పులతో వెళ్ళి, పిల్లలకు వాట్సప్‌లో ఫొటోలు పంపుతారు.

అందుకే నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది. పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య వచ్చే ఆ ఒక్క వేసవిలోనే, పిల్లలు గుమ్మం దాటకముందే, ఒక దూర ప్రయాణం చేసెయ్యాలి. అదీ మనం అన్నీ సిద్ధం చేసి వాళ్ళని వెంట తిప్పడం కాదు. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నది వాళ్ళ చేతికే ఇచ్చెయ్యాలి.

మా ఇంట్లో ఈ ఏడాది ఆ పని నడుస్తోంది. అమ్మాయి పది, అబ్బాయి ఎనిమిది. జూన్‌లో అమ్మాయి హాస్టల్‌కి వెళ్తుంది. ఆ కాలేజీల సంగతి మీకు తెలియనిదేముంది? ఫోను ఉండదు. నెలకో ఆదివారం వెళ్ళి, పట్టుకెళ్ళిన పులిహోర చెట్టు కింద కూర్చోబెట్టి తినిపించి రావడమే. అంటే మేం నలుగురం రోజూ ఒకచోట కూర్చుని అన్నం తినేది ఇంక కొద్ది నెలలే. ఈ లెక్క చెప్పాకే మావారు కదిలారు. ఎక్కడికి వెళ్దామంటే పిల్లలిద్దరూ, ఎన్నడూ లేంది, ఒకే మాట అన్నారు. అండమాన్.

"దీవిలో ఉంటూ దీవి చూడ్డానికి అంత డబ్బు తగలేస్తారా?" అన్నారు మా అత్తయ్యగారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. కోనసీమంటే అదే కదా. ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. నేనైతే ఇంకా దీవిదాన్ని, గౌతమి లంకలో పుట్టాను. పడవ దాటితేనే బడి, పడవ దాటితేనే ఆసుపత్రి. 1986 వరదలో మా నాన్న నన్ను భుజాన వేసుకుని పడవ ఎక్కించడం నాకు లీలగా గుర్తు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మాత్రం లీలగా కాదు, బాగానే గుర్తు. పొద్దున లేచేసరికి చెట్టు మీద చెట్టు పడి ఉన్న కొబ్బరితోటలు ఎలా మర్చిపోతాం?

మా పిల్లలకు ఇవేవీ తెలియవు. ఎదుర్లంక దగ్గర వంతెన వచ్చాక పుట్టిన వాళ్ళు. వాళ్ళకి గోదావరి అంటే కారు అద్దంలోంచి నిమిషంలో అయిపోయే నీళ్ళు. సఖినేటిపల్లి రేవులో ఇప్పటికీ నరసాపురానికి పంటి నడుస్తోందంటే మావాడు "ఎందుకు?" అని అడిగాడు. ఇంటి వెనక పంటకాలవ ఉంది, ఇద్దరికీ ఈత రాదు. మన కాలంలో ఆడపిల్లలం కూడా ఎవరూ నేర్పకుండానే ఈదేవాళ్ళం. ఇప్పుడు దీవిలో పుట్టిన పిల్లలు నీళ్ళంటే తెలియకుండా పెరుగుతున్నారు. కాబట్టి అత్తయ్యగారికి నేను చెప్పింది ఇదే. "వీళ్ళు దీవిలో ఉన్నారు గానీ దీవివాళ్ళు కారండీ. ఒక్క వారం పడవ టైముకి లోబడి బతకనివ్వండి."

ఇంక ప్లాను సంగతి. పిల్లలకి ఒక నోటుపుస్తకం ఇచ్చాను, ఒక అంకె చెప్పాను. నా చీటీ డబ్బూ, కొబ్బరికాయల మీద వచ్చిందీ కలిపి లక్షా అరవై వేలు. ఇంతకు మించి రూపాయి రాదు, మిగిలితే మీదే అన్నాను. ఆ ఒక్క మాటకి వాళ్ళలో వచ్చిన మార్పు చూడాలి. నాలుగు జతల చెప్పులు కొనమని పేచీ పెట్టే పిల్ల, హోటల్ గది అద్దెలో మూడొందల తేడా కోసం గంటసేపు ఫోను పట్టుకుని కూర్చుంది.

ముందు తేదీలు. వాళ్ళు మొదట సంక్రాంతి సెలవులన్నారు, వాతావరణం బాగుంటుందని. కోనసీమలో సంక్రాంతికి ఇల్లు విడిచి వెళ్ళడమేంటి? ఆడపడుచులూ అల్లుళ్ళూ వచ్చేదీ అప్పుడే, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమూ అప్పుడే. పోనీ మే నెలాఖరు అన్నారు. నైరుతి రుతుపవనాలు మన దేశంలో అందరికంటే ముందు తాకేది అండమాన్‌నే, అదీ మే మూడో వారానికల్లా. ఆ తర్వాత సముద్రం పోటెత్తి ఉంటుంది, పడవలు ఆగిపోతుంటాయి. మిగిలింది ఏప్రిల్ ఆఖరు. అబ్బాయి పరీక్షలూ అప్పటికి అయిపోతాయి. ఎండ ఉంటుంది, ఉండనీ. ఎండ మనకి కొత్తా?

దారి ఎలా? కోనసీమకి ఇంకా రైలు రాలేదు, కోటిపల్లి-నరసాపురం లైను పూర్తి కావాలి. రాజమండ్రి వెళ్ళి చెన్నై రైలెక్కి, అక్కడి నుంచి విమానం. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మావాడికి విశాఖ నుంచి ఓడలో వెళ్ళాలని ఉంది. ఓడంటే మూడు రోజుల దాకా పడుతుంది, వెళ్ళే రోజు మన సెలవుల్ని బట్టి ఉండదు. ఆ సంగతి వాడే కనుక్కుని వాడే కొట్టేశాడు. మనం "వద్దు" అని ఉంటే నెల్లాళ్ళు అలిగేవాడు.

అసలు చిక్కు దీవుల మధ్య తిరగడంలో వచ్చింది. మొదటి ప్లానులో ఐదు రోజుల్లో ఐదు దీవులు పెట్టారు. ఆఖరి రోజు పొద్దున హావ్‌లాక్‌లో పడవెక్కి, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో విమానం ఎక్కడం. (ఇప్పుడు హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. జనం నోట పాత పేర్లే ఇంకా ఉన్నాయి.) ఇక్కడ మాత్రం నేను నోరు తెరిచాను. లంకలో పుట్టినదాన్ని, పరీక్ష రోజున పడవని నమ్ముకోకూడదని నాకు తెలుసు. గాలి తిరిగితే పడవ కదలదు. అందుకని ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి, దీవులు రెండే చాలు అన్నాను. ఒప్పుకున్నారు. కారణం చెప్తే ఈ వయసు పిల్లలు వింటారండీ. వాళ్ళు విననిది "నేను చెప్తున్నా కదా" అన్న మాటే.

నీల్‌లో రాతి వంతెనలా ఉండే చోటొకటి ఉంది. పాటు ఉన్నప్పుడే అక్కడ నడవగలం. పిల్లలు దాన్ని ఏదో ఒక టైములో రాసేశారు. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం చూసి, "ఆ రోజు తిథేంటో చూడండర్రా" అన్నారు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటూ ఎక్కువే, పాటూ ఎక్కువే. రోజుకి ముప్పావుగంట పైగా టైము జరుగుతుంటుంది. అంతర్వేది దగ్గర పుట్టిన మనిషి, ఆవిడకి ఇది నోటి లెక్క. పిల్లలు ఫోనులో చూసి "నానమ్మ కరెక్టే!" అన్నారు. ఆ రోజు నుంచి డబ్బు తగలేయడం గురించి మాట రాలేదు.

ఇంకొకటి నాకు చాలా నచ్చింది. బారాటాంగ్ వెళ్ళే రోడ్డు జారవా తెగవాళ్ళుండే అడవిలోంచి పోతుంది. అక్కడ ఆగకూడదు, వాళ్ళని ఫొటోలు తీయకూడదు అని నిబంధన. అమ్మాయి ఆ సంగతి చదివి, "మనం వాళ్ళింట్లోంచి నడిచినట్టుంటుందమ్మా, వద్దు" అని కొట్టేసింది. 2022 జులై వరదల్లో మన లంకల్లో ఇళ్ళు మునిగి ఉంటే, నీళ్ళు చూడ్డానికొచ్చి సెల్ఫీలు తీసుకున్నవాళ్ళు గుర్తున్నారు కదా? మనకి మంట పుట్టలేదూ? దానికి అర్థమైంది. పుస్తకాల్లో ఏ పాఠమూ దానికిది నేర్పలేదు.

సెల్యులార్ జైలు మాత్రం మొదటి రోజే. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. ఏడు వరసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. మన రంప పోరాటంలో పట్టుబడినవాళ్ళనీ అండమాన్‌కి పంపారు. సముద్రం చూసి కేకలు వేసే ముందు, ఆ సముద్రాన్నే గోడగా వాడుకున్న చోటు చూడటం మంచిది.

ఇప్పుడు మన ఆడవాళ్ళ సంగతులు. ఒకటి, బట్టలు. చీరతోనో, చున్నీతోనో సముద్రంలోకి దిగడం మర్యాద అనుకుంటాం. తడిసిన చున్నీ కాళ్ళకి చుట్టుకుంటే ఏమవుతుందో కాలవ ఈదినవాళ్ళకి తెలుసు. అమ్మాయి మోకాళ్ళ దాకా ఉండే ఈత దుస్తులు కొనుక్కుంటానంది. కొనుక్కోమన్నాను, నాక్కూడా ఒకటి తెమ్మన్నాను. ఎవరేమనుకుంటారో అన్నదానికంటే మునగకుండా తేలడం ముఖ్యం. రెండు, నెలసరి. దాని తేదీ సరిగ్గా ఆ వారంలోనే పడేలా ఉంది. గుళ్ళకి వెళ్ళేటప్పుడు వేసుకున్నట్టు బిళ్ళలు వేసెయ్యమని మా తోడికోడలు సలహా. డాక్టరు చెప్పకుండా పదిహేనేళ్ళ పిల్లకి అలాంటివి వెయ్యను. ఒకరోజు ఒడ్డున కూర్చుంటుంది, నేనూ పక్కన కూర్చుంటాను. మూడు, ఈత. వెళ్ళేలోపు ఇద్దరికీ నేర్పించాలి. వచ్చినా రాకపోయినా, అక్కడి కాపలావాళ్ళు దిగొద్దన్న చోట దిగకూడదు. అక్కడ కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి, హెచ్చరిక బోర్డులు పెడతారు. ఈ షరతు నోటుపుస్తకం మొదటి పేజీలో ఇద్దరి సంతకాలతో ఉంది.

నాలుగోది నా సంగతి. రైస్ కుక్కరూ, బియ్యమూ, పప్పూ మూటగట్టుకుని యాత్రకి వెళ్ళే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ఖర్చు కలిసొస్తుంది, నిజమే. కానీ అందరూ ఒడ్డున ఉంటే మనం హోటల్ గదిలో ప్లగ్గు వెతుక్కుంటూ ఉంటాం. అది సెలవు కాదు, వంటిల్లు ఊరు మారడం. ఒక డబ్బా కందిపొడి, చిన్న సీసా ఆవకాయ పెట్టుకుంటాను, అంతే. అక్కడ మన ఉత్తరాంధ్ర వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, అన్నం దొరక్కపోదు. ఎవరి సంచి వాళ్ళే సర్దుకోవాలి, ఎవరి తడిబట్టలు వాళ్ళే ఆరేసుకోవాలి. మావారికీ ఇదే రూలు. హాస్టల్లో అమ్మాయి ఎలాగూ చేసుకోవాల్సిన పనులే ఇవి, ముందే మన ముందర చేసుకుంటుంది.

పొద్దున్నే లేవడం ఎలాగా అని మాత్రం పిల్లలు దిగులు పడుతున్నారు. అక్కడ ఐదింటికే తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. గడియారం మాత్రం మనదే. ఎనిమిదికి లేచే పిల్లలకి రోజులో పావువంతు పోయినట్టే. లేపే పని నాది కాదని ముందే చెప్పేశాను.

అందరికీ అండమాన్ అక్కర్లేదు. డబ్బు కుదరకపోతే దిండిలో ఒక రాత్రి ఉన్నా చాలు, పంటి మీద గోదావరి దాటినా చాలు. ఎక్కడికన్నది పిల్లల్ని తేల్చనివ్వండి, ఎంతలో అన్నది మీరు చెప్పండి. జూన్‌లో హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు, డబ్బు లెక్క చూసుకోవడం, ఒకదాన్ని వద్దనుకోవడం, పడవ రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించడం ఆ పిల్లకి కొత్త కాకూడదు. ఇంట్లో ఉండగా మనం నేర్పగలిగే ఆఖరి పాఠాలివి. వాటిని పరీక్షలయ్యాకకి వాయిదా వెయ్యకండి.