వెనుక వచ్చిన కొమ్ములు

ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి అన్నారు మన పెద్దలు. చదరంగపు బల్ల ముందు కూర్చున్నవారికి మాత్రం ఈ సామెతను నమ్మడం కష్టమే. మొదటి ఎత్తు ఎప్పుడూ తెల్లపావులదే. సమ ఉజ్జీల మధ్య ఆ ఒక్క ఎత్తే పెద్ద బలం. నల్లపావులవాడు ముందు తన రాజును కాచుకోవాలి. ఉద్దండుల పోటీలలో అతడు డ్రా దక్కినా చాలునని సంతోషిస్తాడు.

2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ చాంపియన్ డింగ్ లిరెన్‌కూ, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన పద్దెనిమిదేళ్ళ దొమ్మరాజు గుకేశ్‌కూ మధ్య పధ్నాలుగవ ఆట జరిగినది. అప్పటికి చెరి ఆరున్నర పాయింట్లు. తెల్లపావులు డింగ్‌వి. ఈ ఆట కూడా డ్రా అయితే మరునాడు తక్కువ వ్యవధి ఆటలతో విజేతను తేల్చవలసి ఉన్నది. డింగ్ ఆ దారినే కోరి, పావులను ఒక్కొక్కటిగా మార్పిడి చేసుకొంటూ వచ్చాడు. చివరకు ఇద్దరికీ ఒక్కొక్క ఏనుగు, ఒక్కొక్క శకటు, కొద్దిపాటి బంట్లు మిగిలాయి. గుకేశ్‌కు ఒక బంటు అదనమే గాని, గెలుపునకు అది చాలదు. చూస్తున్నవారు డ్రా తప్పదనుకొన్నారు.

గుకేశ్ అలా అనుకోలేదు. ఒక్కొక్క ఎత్తుతో ఒక్కొక్క చిన్న చిక్కును ప్రత్యర్థి ముందుంచుతూ ఓపికగా ఆడాడు. 55వ ఎత్తులో డింగ్ తానే ఏనుగుల మార్పిడికి సిద్ధపడ్డాడు. ఏనుగులు తొలగిన మరుక్షణం నల్లశకటు బల్ల నడుమకు వచ్చి, మూలగడిలో ఉన్న తెల్లశకటును ఎదుర్కొన్నది. దానికి తప్పుకొనే దారి లేదు. శకట్లు కూడా పోయి రాజులూ బంట్లూ మిగలగానే, అంతవరకు కొరగాని ఆ అదనపు బంటే సింహాసనాన్ని తెచ్చిపెట్టినది. 58 ఎత్తులకు డింగ్ ఓటమి అంగీకరించాడు.

ఇట్టి విజయం ఇదే మొదటిది కాదు. 1985లో మాస్కోలో కాస్పరోవ్ తన 22వ ఏట కార్పోవ్‌పై 24వ ఆటనూ, 2010లో సోఫియాలో మన విశ్వనాథన్ ఆనంద్ తొపలోవ్‌పై 12వ ఆటనూ నల్లపావులతోనే గెలిచారు. ఆ రెండూ కూడా పోటీలో చివరి ఆటలే. అతి పిన్నవయసులో ప్రపంచ చాంపియన్ అయిన కాస్పరోవ్ కీర్తి 39 ఏళ్ళ తరువాత గుకేశ్‌కు దక్కినది.

తొలి ఎత్తు ఎవరిదో నియమాలు నిర్ణయిస్తాయి. చివరిదాకా కూర్చునే ఓపికను ఎవరికి వారే సంపాదించుకోవాలి.

గెలిచిన గుకేశ్ కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. వెళ్ళే ముందు పావులన్నిటినీ తిరిగి వాటి వాటి గడులలో పేర్చాడు.