అక్రోట్లు సరే, ముందు నెత్తురు చూడండి

జూలై 22 వచ్చింది, వెళ్ళింది. ప్రపంచ మెదడు దినమట. ప్రపంచ న్యూరాలజీ సమాఖ్య 2014 నుంచి జరుపుతోంది. ఆ వారమంతా పేపర్లలో, టీవీల్లో, హైవే పక్క హోర్డింగుల మీద ఒకటే హితబోధ: ఎనిమిది గంటలు నిద్రపోండి, సుడోకు ఆడండి, రోజూ గుప్పెడు అక్రోట్లు తినండి. మంచిమాటలే, కాదనను. కానీ చెబుతున్నది ఎవరికి? మా బాపట్ల జిల్లా మార్టూరు చుట్టుపక్కల జూలై అంటే పత్తి చేలల్లో మొలకలు, మిరప నారుమళ్ళు. ఇంకో నెల తిరిగేసరికి ఏ గట్టు మీద నిలబడినా పురుగుమందు కొట్టే తైవాన్ పంపు మోతే. ఆ పంపు వీపున మోసేవాడికి అక్రోట్ల సంగతి ఎందుకు? పంపులో ఉన్నది తన మెదడునూ నరాలనూ ఏం చేస్తుందో ముందు చెప్పాలి. నేను చూసిన ఏ హోర్డింగు మీదా ఆ ముక్క లేదు.

నరం నుంచి కండరానికి కబురు మోసే రసాయనం ఎసిటైల్‌కొలీన్. కబురు చేరగానే దాన్ని చెరిపేసే ఎంజైము ఒకటుంది, కొలీనెస్టరేజ్. ఆర్గానోఫాస్ఫేటు రకం పురుగుమందులు ఈ ఎంజైమునే కట్టిపడేస్తాయి. ఇక కబురు ఆగదు, నరం ఊరుకోదు. పురుగు చచ్చేది అందుకే. చిక్కేమిటంటే ఈ ఎంజైము పురుగుకీ ఉంది, మనకీ ఉంది. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రేడర్ పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్ అనే యుద్ధ విషాన్ని తయారుచేశాడు. అదీ, మనం పత్తికీ మిరపకీ కొట్టే ప్రొఫెనోఫాస్, ఎసిఫేటూ ఒకే వంశం. విషం బలంలో తేడా ఉంది, దెబ్బ కొట్టే చోటులో లేదు.

చేలో ఎవరైనా తల తిరిగి కూలబడితే మనవాళ్ళు ‘మందు పట్టింది’ అంటారు. చెట్టు నీడన పడుకోబెట్టి మజ్జిగ తాగిస్తారు. సాయంత్రానికి లేచి కూర్చుంటే గండం గడిచినట్టే. అది నిజం కాదని 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయక, కరల్లియెద్ద లోకానికి చెప్పారు. మొదటి చెమటలు, చొంగ, చూపు మసక తగ్గిపోయాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ నిలవదు, ఊపిరి కండరాలు పడిపోతాయి. కొన్ని మందులతో రెండు మూడు వారాల తర్వాత పాదాలు వాలిపోవడమూ ఉంది. అప్పటికి మందు కొట్టిన సంగతి కూలీకే గుర్తుండదు, డాక్టరు అడగడు.

ఇదంతా పరాయిదేశం గోల అనుకునేవాళ్ళకు మన సంగతే చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు ఊళ్ళలో పత్తి రైతుల మీద ఫ్రాన్సెస్కా మన్చీని బృందం చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. మందు కొట్టిన ప్రతి పదిసార్లలో ఒకసారి, నరాలకు దెబ్బ తగిలిందని చెప్పే లక్షణాలు మూడో అంతకంటే ఎక్కువో కనిపించాయి. తీవ్రంగా పట్టినవాళ్ళలో ఒక్కరూ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఇంకో రెండు సంగతులు కూడా అందులో ఉన్నాయి. పంపు మోసేది మగవాళ్ళే అయినా, చిక్కటి మందు కలిపి ట్యాంకు నింపే ఆడవాళ్ళకూ అంతే విషం సోకుతోంది. పైగా గట్టిగా దెబ్బతిన్నది మోతుబరులు కాదు, సన్నకారు రైతులు. 2021లో నల్లతామర పురుగు మిరపను తుడిచిపెట్టినప్పుడు మన చేలల్లో ఎన్ని విడతలు మందు కొట్టారో తలుచుకోండి. ఆ ఏడాది ఈ మనుషుల నరాల మీద ఇలాంటి అధ్యయనం జరిగి ఉంటే ఎంత తెలిసేది!

‘రైతు గ్లౌజులు వేసుకోడు, మాస్కు పెట్టుకోడు, తప్పు అతనిదే’ అనే పెద్దమనుషులున్నారు. వాళ్ళు ఒక్కపూట ఆ రబ్బరు తొడుగులు వేసుకొని, ఎండలో ఎకరం పొలం తిరిగి వచ్చి మాట్లాడాలి. ఒళ్ళు ఉడికించే, ఖరీదైన, సులువుగా దొరకని రక్షణ తొడుగులు అవసరమయ్యే మందులను వేడి దేశాల చిన్న రైతుల దగ్గరికి రానివ్వకపోవడమే మేలని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నియమావళే చెబుతోంది. అలాంటి మందే మోనోక్రోటోఫాస్. దాన్ని శ్రీలంక 1995లో ఆపేసింది. 2013లో బీహార్‌లో బడి భోజనంలో ఆ విషం కలిసి 23 మంది పిల్లలు చనిపోయాక కూడా మనకు తెలివి రాలేదు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడైన రకంపై కేంద్రం నిషేధం ఉత్తర్వు ఇచ్చింది 2023లో. అంటే ఇరవై ఎనిమిదేళ్ళు ఆలస్యం. ఈలోపు మందుల కొట్టువాడే మన వ్యవసాయ శాస్త్రవేత్త, మన న్యూరాలజిస్టూ.

కాలిఫోర్నియాలో 1974 నుంచి ఒక నియమం ఉంది. ఈ రకం మందులు కలిపేవాళ్ళకూ కొట్టేవాళ్ళకూ సీజన్‌కు ముందు కొలీనెస్టరేజ్ పరీక్ష చేస్తారు, మధ్యలో మళ్ళీ చేస్తారు, అంకె బాగా పడిపోతే ఆ పని మాన్పిస్తారు. అది మామూలు రక్తపరీక్ష, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఫ్రాన్సు 2012లో, పురుగుమందుల్లో పనిచేసిన రైతులకు వచ్చే పార్కిన్సన్స్‌ను వృత్తివ్యాధిగా గుర్తించి పరిహారం ఇస్తోంది. మన పల్లెలో చెయ్యి వణికితే ‘పెద్దతనం’ అని తేల్చేస్తాం. ముప్ఫై ఏళ్ళు పంపు మోశాడన్న సంగతి ఏ చీటీ మీదా ఎక్కదు.

మన ప్రాంతానికి నరాల జబ్బుల మీద పరిశోధన కొత్తేమీ కాదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో, అంటే తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పడమటి సీమలో, మనుషులు కట్టెలా బిగిసిపోవడం చూసి, నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. ఎముక పెరిగి వెన్నుపాము నలిగితే కాళ్ళు పడిపోతాయి. తర్వాత హైదరాబాదులో న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఆ నరాల దెబ్బ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. అంటే మెదడు, వెన్నుపాముల శాస్త్రానికి మన మెట్ట నేల ఎప్పుడో పాఠం చెప్పింది. నేర్చుకున్నది లోకం, మిగిలింది మనం.

ఆ పాఠానికి ఎనభై ఏళ్ళు దాటాయి కదా, మంచినీళ్ళయినా దక్కాయా? దక్కాయి, ఇరవై లీటర్ల క్యాన్ల రూపంలో, డబ్బులిచ్చి. ఊరూరా ఆర్వో ప్లాంటు. కుళాయి నీళ్ళు తాగడం నామోషీ అయింది. పంచాయతీకి బాధ్యత తప్పింది, ప్లాంటువాడికి వ్యాపారం దొరికింది. మీ వీధి ప్లాంటు దగ్గర నీటి పరీక్ష కాగితం చూపించమని అడగండి, ఎలా చూస్తారో తెలుస్తుంది. ప్రజల ఆరోగ్యాన్ని క్యాన్ల లెక్కన అమ్ముకునే ఈ పద్ధతిని అభివృద్ధి అంటున్నాం. నాకు మండేది అక్కడే.

ఏలూరు గుర్తుందా? 2020 డిసెంబరులో ఉన్నట్టుండి జనం ఫిట్లతో కింద పడిపోయారు, ఆరొందల మందికి పైగా. నెత్తురు ఢిల్లీకి పోయింది, హైదరాబాదుకు పోయింది. ఎయిమ్స్ సీసం, నికెల్ ఉన్నాయంది. పురుగుమందు అవశేషాలే ముఖ్య కారణం కావచ్చని నిపుణులు ముఖ్యమంత్రికి చెప్పారు. నాలుగు రోజులు హడావుడి, ఆ తర్వాత మరుపు. నమూనాలు ప్రయాణం చేస్తాయి, జవాబులు మాత్రం తిరిగి ఊరు చేరవు. పక్కన కర్ణాటక 2022లో నిమ్‌హాన్స్ సాయంతో కోలార్, చిక్కబళ్ళాపూర్ లాంటి జిల్లాల్లో మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఫిట్లు, పక్షవాతం లాంటివాటిని దగ్గరి ఆసుపత్రిలోనే చూడగలిగేలా డాక్టర్లకు తర్ఫీదు ఇస్తోంది. అటు గుంటూరులో, ఇటు ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ఆ రెంటి నడుమనే ఉంది మార్టూరు. చదువుకునే పీజీ విద్యార్థికి ఇంతకంటే పెద్ద ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి బాపట్ల జిల్లా అధికారులకూ, ఆ రెండు కళాశాలలకూ నా విన్నపం ఒక్కటే. ఈ ఖరీఫ్‌లో మార్టూరు మండలంలో మందు కొట్టే కూలీలకూ, మందు కలిపే ఆడవాళ్ళకూ సీజన్ ముందొకసారి, మధ్యలో ఒకసారి కొలీనెస్టరేజ్ పరీక్ష ఉచితంగా చేయండి. ఆ అంకెలు ఊళ్ళో గ్రామసభలో చదివి వినిపించండి. చదివేవాళ్ళలో పంపు మోసేవాళ్ళుంటే మీకూ ఒక మాట: మందు కొట్టాక చూపు మసకబారినా, చొంగ కారినా, చెమటలు ఆగకపోయినా మజ్జిగతో సరిపెట్టుకోవద్దు. బట్టలు మార్చి, ఒళ్ళు సబ్బుతో కడుక్కొని వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. మందు డబ్బా వెంట తీసుకుపోండి. ఏ మందో తెలిస్తే డాక్టరు విరుగుడు త్వరగా మొదలుపెట్టగలడు.

— పొలిమేర