కనెక్షన్ తప్పడం నసీబు కాదు

"ఫ్లైట్ లేటైతే మేమేం జేస్తం? నీ నసీబు గంతే." జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో గల్ఫ్ టికెట్లు అమ్మేచోట ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, నష్టపోయినవాళ్లే దాన్ని నమ్మి పక్కవాడికి చెబుతున్నారు. శంషాబాద్‌లో విమానం ఆలస్యంగా లేచి, ముంబయిలోనో దోహాలోనో ఎక్కాల్సిన రెండోది వెళ్లిపోతే, కొత్త టికెట్ ఖర్చు ప్రయాణికుడే పెట్టుకోవాలట. ఇది అబద్ధం. చట్టం అలా చెప్పడం లేదు.

ఈ వాదన చేసేవాళ్లు ఒక ఆధారం చూపిస్తారు: పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఆలస్యానికి నగదు పరిహారం లేదని. ఆ ముక్క నిజమే. 2010 ఆగస్టులో అమల్లోకి వచ్చి, తర్వాత సవరణలకు లోనైన ఆ నిబంధనలు ఆలస్యమైతే తిండీ పానీయాలూ ఇవ్వమంటాయి. ఆరు గంటలు దాటే ఆలస్యానికి వేరే విమానమో, పూర్తి వాపసో ఇవ్వమంటాయి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆగితే హోటల్ గది ఇవ్వాలి. గల్ఫ్‌కు రాత్రి విమానాలెక్కేవాళ్లు ఈ ఒక్కటైనా గట్టిగా అడగాలి. నగదు మాట విమానం రద్దు దగ్గర వస్తుంది. ఒకే టికెట్ నంబరు మీదున్న కనెక్షన్ పోగొట్టుకున్నవాళ్లను ఆ క్లాజులోనే చేర్చారు.

అయితే చట్టం డీజీసీఏతో అయిపోలేదు. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు సంబంధించిన 1999 మాంట్రియల్ ఒప్పందంలో భారత్ 2009లో చేరింది, విమాన రవాణా చట్టాన్ని సవరించి దాన్ని మన చట్టంలో భాగం చేసుకుంది. ఆరు గల్ఫ్ దేశాలూ అందులో ఉన్నాయి. దాని 19వ అధికరణం ప్రకారం ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి విమానయాన సంస్థే బాధ్యురాలు. తప్పించుకోవాలంటే, చేయగలిగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని ఆ సంస్థే రుజువు చేసుకోవాలి. పొగమంచు కమ్మి విమానాలన్నీ నిలిచిపోయిన రోజున ఆ రుజువు దొరుకుతుంది, కాదనను. ముందు ట్రిప్పు నుంచి విమానం లేటుగా వచ్చిందనో, సిబ్బంది లేరనో చెబితే మాత్రం అంత సులువుగా తప్పించుకోలేరు.

ఎంత వస్తుంది? స్థిరమైన మొత్తం లేదు. జరిగిన నష్టాన్ని కాగితాలతో చూపాలి. 2024 డిసెంబరు 28 నుంచి ఒప్పందం పెట్టిన గరిష్ఠ పరిమితి ఒక్కొక్కరికి, ఐఎంఎఫ్ లెక్కించే యూనిట్లలో, 6,303 ఎస్‌డీఆర్‌లు, అంటే ఏడు లక్షల రూపాయల పైచిలుకు. ప్రతి ఆలస్యానికీ ఇరవై వేలు వస్తాయని వాట్సాప్‌లో తిరిగే మాటా తప్పే. ఆ ఇరవై వేలు డీజీసీఏ నిబంధనల్లో, టికెట్ ఉండీ విమానం ఎక్కనివ్వనప్పటి పరిహారానికి గరిష్ఠ పరిమితి.

"టికెట్ షరతుల్లో మాకు బాధ్యత లేదని రాసి ఉంది" అన్నది ఇంకో వాదన. అలాంటి షరతు చెల్లదని అదే ఒప్పందం 26వ అధికరణం చెబుతోంది. రాసుకున్నంత మాత్రాన బాధ్యత పోదు.

అసలు చిక్కు టికెట్ కాగితంలో ఉంది. ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ అందరికీ తెలుసు. పదమూడు అంకెల టికెట్ నంబరు వేరే ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. రెండు విమానాలకూ అదే నంబరుంటే మొత్తం ఒకే ప్రయాణం. మొదటిది లేటై రెండోది పోయినా గమ్యానికి చేర్చాల్సింది విమానయాన సంస్థే. వంద, రెండొందలు తగ్గుతాయని ముంబయి దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి విడివిడిగా కొడితే రెండో ఎయిర్‌లైన్‌కు మనతో పూచీ లేదు. ఆ సంగతి ముందు చెప్పకుండా, రెండింటి మధ్య గంటన్నర వ్యవధి పెట్టి అమ్మిన ఏజెంటు కూడా డబ్బు తీసుకుని సేవ అమ్మినవాడే. వినియోగదారుల చట్టం అతనికీ వర్తిస్తుంది.

విడి టికెట్లయితే కేసే లేదని కూడా అనలేం. జమ్మూ వెళ్లే రైలు నాలుగు గంటలు లేటై శ్రీనగర్ విమానం తప్పిన కుటుంబానికి ముప్పై వేలు చెల్లించాల్సిందేనని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వాయవ్య రైల్వేకు చెప్పింది. రైలు ఒకరిది, విమానం ఇంకొకరిది. ఆలస్యానికి కారణం చూపలేకపోవడమే రైల్వేను పట్టించింది. విడి టికెట్లతో గెలుపు ఖాయమని నేను చెప్పను, కష్టమైన కేసే. కానీ అడగకుండా వదిలేయాల్సినది కాదు.

సెలవు మీద ఇంటికొచ్చి తిరిగిపోతూ, ఎగ్జిట్ రీఎంట్రీ వీసా గడువు ఆ రాత్రితోనే ముగిసే మనిషిని తలుచుకోండి. అతనికి కనెక్షన్ తప్పడమంటే కొలువు తప్పడం. అలాంటివాణ్ని కౌంటర్ దగ్గర "సిస్టమ్‌లో ఏం లేదు" అని పంపించేస్తుంటే నోరు మూసుకోమనడం అన్యాయం. ఎన్ని గంటలు, ఎందుకు లేటైందో అక్కడే కాగితం మీద రాయించుకోవాలి. బోర్డింగ్ పాసులు, కొత్త టికెట్ బిల్లు, కఫీల్ (అక్కడి యజమాని) జీతం కోస్తే ఆ పత్రం దాచుకోవాలి. ఢిల్లీ పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు వినియోగదారుల కమిషన్ కరీంనగర్‌లో ఉంది. టికెట్ విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఫిర్యాదుదారు గల్ఫ్‌లో ఉన్నా ఆన్‌లైన్‌లో దాఖలు చేసుకోవచ్చు. సలహాకు 1915 నంబరు ఉంది.

టికెట్లు అమ్మేవాళ్లు చేయాల్సింది ఒకటుంది: ఇది ఒకే టికెట్టా, రెండా అన్నది రశీదు మీద తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. రాయని దుకాణంలో డబ్బు కట్టకండి.