జీవుడు ఏ నెలలో వస్తాడు?

పిండంలోకి ఆత్మ ఎప్పుడు చేరుతుందన్న దాని మీద మన గ్రంథాలకే పొత్తు కుదరదు. ఏడో నెలలో జీవుడు చేరతాడని గర్భోపనిషత్తు అంటే, శుక్రశోణితాలు కలిసినప్పుడే చేరతాడని చరక సంహిత అంటుంది. ఇస్లాం పండితుల్లో ఎక్కువమంది 120 రోజులంటారు. కాథలిక్ చర్చి తొలి క్షణం నుంచే మనిషిగా చూడాలంటుంది. ఇందులో ఎవరూ చూసి చెప్పింది లేదు.

చూసి తెలుసుకున్నవి వేరే ఉన్నాయి. ఫలదీకరణ జరిగాక సుమారు రెండు వారాల దాకా పిండం రెండుగా చీలి కవలలు కావచ్చు. మొదటి రోజే ఆత్మ వచ్చి ఉంటే, చీలినప్పుడు అది ఎటు పోయినట్టు? ఎన్నో పిండాలు గర్భసంచికి అంటుకోకుండానే, తల్లికి తెలియకుండానే పోతాయి. వాటికి ఏ మతమూ కర్మకాండ చేయదు. ప్రయోగశాలలో పిండాన్ని 14 రోజులకు మించి పెంచకూడదని 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ గీసిన గీతను మన వైద్య పరిశోధన మండలి కూడా పాటిస్తోంది. ఆ గీత పరిశీలన మీద నిలబడింది. తొలి వారాల పిండాన్ని గౌరవించవచ్చు. కానీ దాన్ని మోసే ఆడమనిషి కంటే దానికి పెద్దపీట వేయలేం.

అలాగైతే ఆడపిండాన్ని తీయిస్తే తప్పేమిటని అడుగుతారు. తప్పుంది. పిండానికి ఆత్మ ఉందా లేదా అన్నదానితో ఆ తప్పుకు సంబంధం లేదు. మూడో నెలలో మగబిడ్డ కోసం పుంసవనం చేయమన్నది మన ఆచారం. నిజానికి ఆడా మగా అన్నది ఫలదీకరణ నాడే, తండ్రి వీర్యకణంతోనే తేలిపోతుంది. మంత్రం మార్చలేకపోయిన దాన్ని స్కానింగ్ యంత్రంతో సాధించుకుంటున్నారు, అంతే. తలకొరివికి కొడుకు కావాలన్న నమ్మకమూ, కట్నం భయమూ కలిసి, పుట్టబోయే ఆడపిల్లనే కాదు, ఇంట్లో బతికున్న ఆడవాళ్లందరినీ తక్కువ చేస్తాయి.

మహబూబ్‌నగర్‌లోనైనా మిర్యాలగూడలోనైనా స్కానింగ్ సెంటర్ గోడ మీద లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు ఉండాలి. ఆడో మగో తెలుసుకోవాలనుకోవడం లేదని గర్భిణి చేత సంతకమో వేలిముద్రో వేయిస్తారు. తెలుసుకోవాలన్న తహతహ చాలాసార్లు ఆమెది కాదు. బయట కుర్చీలో కూర్చున్న అత్తది, భర్తది.

దేవరకొండ తండాల్లో ఆడశిశువుల అమ్మకాలు రెండు దశాబ్దాలకు పైగా పత్రికలకెక్కుతూనే ఉన్నాయి. ఊయలలు, శిశుగృహాలు వచ్చాయి. తండాలకు మాత్రం ఆ మచ్చ పోలేదు. డబ్బున్నవాళ్లు ఆడపిల్లను వదిలించుకునే పనిని పుట్టకముందే, ఏసీ గదిలో, గుట్టుగా ముగిస్తే ఎవరూ వేలెత్తి చూపరు. నాకు ఈ తేడా మీదే కోపం.

1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఆ తహతహ ఎవరిదన్నది సరిగ్గానే పట్టుకుంది. భర్తో బంధువులో బలవంతం చేస్తేనే గర్భిణి పరీక్షకు వచ్చిందని కోర్టు భావించాలని 24వ సెక్షన్ చెబుతుంది. అడిగించినవాళ్లకూ చేసినవాళ్లకూ తొలిసారి నేరానికే మూడేళ్ల దాకా జైలు ఉంది. 1971 నాటి గర్భస్రావ చట్టమేమో, 2021 సవరణతో, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా గర్భం తీయించుకునే వీలిచ్చింది. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. రెండూ ఆమె మీద జరిగే బలవంతాన్ని తగ్గించేవే.

మీ ఊళ్లో ఏ సెంటరైనా ఆడో మగో చెబుతోందని తెలిస్తే సంబంధిత అధికారికి రాతపూర్వకంగా నోటీసివ్వండి. 15 రోజులు గడిచాక మామూలు పౌరుడు కూడా నేరుగా కోర్టుకు వెళ్లవచ్చని 1994 చట్టంలోని 28వ సెక్షన్ చెబుతోంది.