గుజ్జు వండు బాన యెవరిది?

మామిడిగుజ్జు తీయు విద్యను గూర్చి చిత్తూరు సీమవారికి ఒకరు చెప్పనక్కఱలేదు. తోతాపురి రసము సముద్రములు దాటుచున్నది. కొయ్యగుజ్జు మాట వచ్చునప్పటికి మాత్రము మనము నీలగిరి, సరుగుడు కఱ్ఱను బరువు లెక్కన నమ్ముకొని చేతులు దులుపుకొను వారమే. కావున మనకును ఒక కాగితపు మిల్లు కావలెననువారి కోరిక న్యాయమైనదే. కాని యెట్టి మిల్లు?

కాగితము మొదట ఒక వంట. కొయ్యముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన ద్రవములో, డైజెస్టరను ఉక్కుబానలో, ఇంచుమించు 165 డిగ్రీల వేడిమిని ఉడికింతురు. సుమారు సగము పీచుగా మిగులును. తక్కిన సగము, కొయ్యను బిగించి పట్టియుండు లిగ్నిన్ మొదలగునది, కరగి నల్లనీరగును. దానిని చిక్కబఱచి రికవరీ బాయిలరను కొలిమిలో మండించినచో ఆవిరియు పుట్టును, సోడాయు తిరిగి వచ్చును. చక్కగా నడచుచోట నూటికి 95 పాళ్లకు పైగా మరల బానకు చేరును. కొలిమి లేనిచో ఆ నల్లనీరు ఏటిపాలే. రాజమహేంద్రవరమున 1924లో మిల్లు వెలసినది గోదావరి యొడ్డున. మనకున్నది స్వర్ణముఖి, వానలు లేని మాసములలో అది యిసుకయే. ఆ యిసుకలో విషము వదలిన మిల్లును ఉపాధి నిచ్చెనని పొగడుదుమా?

చిన్న మిల్లులు కొలిమి ఖర్చు భరింపజాలవందురు. నిజమే. చిన్న మిల్లునకు తగిన కొలిమిని చేసికొనకపోవుటయే మన లోపము. పెద్ద యంత్రములకై నేటికిని ఫిన్లాండు, ఆస్ట్రియా సంస్థల గుమ్మము తొక్కుచున్నాము. బుద్ధి కొఱవడి కాదు. వెదురు కాగితమునకు 1925లో రక్షణ చట్టము వచ్చిన కాలముననే డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయమున విలియం రైట్, వెదురును ఒక్కుమ్మడి ఘాటుగా నుడికించుట మాని, ముందు పిండిపదార్థమును, పిదప లిగ్నినును వేఱువేఱుగా తీసి సోడా మిగుల్చు మార్గము చూపెను. ఆయన తెల్లదొరయే, వెదురు మనది, ప్రయోగశాల మన దేశమున నున్నది.

ఏర్పేడు చెంత ఐ.ఐ.టి. కలదు, తిరుపతిలో 1954 నుండి విశ్వవిద్యాలయము కలదు. చిన్న మిల్లునకు సరిపడు బానను, కొలిమిని రూపొందించు పనిని ప్రభుత్వము ధనముతో సహా వారి కప్పగింపవలెను. అది తేలువఱకు, కొలిమి చూపని యే మిల్లునకును మన పంచాయతీలు సమ్మతి నీయరాదు. ప్రజాభిప్రాయ సేకరణ సభలో కేకలతో సరిపెట్టక, ఆక్షేపణను వ్రాతమూలముగా దాఖలు చేసి రసీదు పుచ్చుకొనవలెను.